రెట్టింపు అన్నారు సరే, ఎంతమందిలో?

"ఒక మాత్ర వాడితే ప్రమాదం రెట్టింపవుతుందని చదివాను, మానేయమంటారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. మానాలో వద్దో ఆమెను పరీక్షించిన డాక్టరే చెప్పాలి. అయితే ఆ "రెట్టింపు" అన్న మాట గురించి నేను చెప్పవలసింది చాలా ఉంది, ఎందుకంటే ఆ ఒక్క మాట 1995లో బ్రిటన్‌లో ఎందరి జీవితాలను కలవరపెట్టిందో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఆ ఏడాది అక్టోబరులో అక్కడి ఔషధ భద్రతా కమిటీ, మూడో తరం గర్భనిరోధక మాత్రల వల్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుందని డాక్టర్లకు, మందుల షాపులవారికి, ఆరోగ్యాధికారులకు దాదాపు 1,90,000 ఉత్తరాలు పంపింది; పత్రికలకూ అత్యవసర ప్రకటన ఇచ్చింది. అందులో అబద్ధం లేదు. పాత మాత్రలు వాడేవారిలో 7,000 మందికి ఒకరికి గడ్డ ఏర్పడితే, కొత్తవి వాడేవారిలో ఇద్దరికి ఏర్పడుతోంది.

ఏడు వేలమంది అంటే మనసుకు ఆనదు. యాభై సీట్ల ఆర్టీసీ బస్సులు 140 ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టి, ప్రతి సీటులోనూ ఒక స్త్రీని కూర్చోబెట్టామనుకుందాం. వరుస ఒకటిన్నర కిలోమీటరు సాగుతుంది. పాత మాత్రయితే ఆ వరుస మొత్తంలో ఎక్కడో ఒక కిటికీ పక్క సీటులో ఒకామె పిక్క వాచి, నొప్పితో కాలు చాపుకొని ఉంటుంది. కొత్త మాత్రయితే మరో బస్సులో ఇంకొకామె. ఆమె బాధ చిన్నదేమీ కాదు, గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు; కనుక హెచ్చరిక అవసరమే. కానీ "రెట్టింపు" అన్న మాటలో ఆమె ఒక్కతే కనిపిస్తుంది, బస్సులు కనిపించవు.

ఎందుకు కనిపించవో బడిలో నేర్చిన భిన్నాలే చెబుతాయి. 2/7,000ను 1/7,000తో భాగిస్తే రెండు హారాలూ కొట్టివేతలో పోయి 2 మాత్రమే మిగులుతుంది. హారం 70 అయినా, 70 లక్షలైనా మిగిలేది ఆ 2 మాత్రమే. ఒకదానిలో రెండు బస్సులైనా నిండవు, మరొకదానిలో ఒక మహానగరమంత జనం. హారాన్ని కొట్టివేయడం పిల్లలకు ఎంతో శ్రద్ధగా నేర్పుతాం. కొట్టివేసినది ఎంతో అడిగి తెలుసుకోవడం కూడా అంతే శ్రద్ధగా నేర్పాలని నా కోరిక.

భయపడి ఎందరో మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. గర్భం ధరించినప్పుడు గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల వల్ల కలిగేదానికన్నా ఎక్కువ. అప్పుడు ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను పెరిగేకొద్దీ కాలేయం ఫిబ్రినోజన్ వంటి గడ్డకట్టించే ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది, గడ్డను అదుపులో ఉంచే ప్రోటీన్ ఎస్ తగ్గుతుంది. దానికి తోడు పెరిగే గర్భాశయం పొత్తికడుపు సిరలను నొక్కి కాళ్ళ నుంచి వచ్చే రక్తాన్ని నెమ్మదింపజేస్తుంది.

యూరప్‌లో 2013 నాటి సమీక్ష తర్వాత ఈ మాత్రల పెట్టెలోని కాగితంపై లెక్క వేరేగా ఉంది. ఏ హార్మోను మాత్రా వాడని, గర్భం లేని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి సుమారు ఇద్దరికి, లీవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను ఉన్న పాత రకం మాత్రలు వాడే 10,000 మందిలో 5 నుంచి 7 మందికి, డెసోజెస్ట్రెల్ లేదా జెస్టోడిన్ ఉన్న మూడో తరం మాత్రలు వాడే 10,000 మందిలో 9 నుంచి 12 మందికి గడ్డ ఏర్పడుతుందని అందులో ఉంటుంది. మూడు వరుసల్లోనూ ఆ 10,000ను విడవకుండా ముద్రించారు.