డిస్‌ప్లే కొట్టుకుంటోందా? మా కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

"అన్నా, డిస్‌ప్లే కొట్టుకుంటోంది. మార్చడానికి ఎంతవుతుంది?"

సూర్యాపేటలో నా షాపు మెట్లెక్కినవాళ్లు ముందు అడిగేది రేటే. నేను రేటు చెప్పను. ఒక స్క్రీన్‌షాట్ తీసి నాకు వాట్సాప్ చేయమంటాను. రిపేరుకొస్తే ఈ పరీక్షలేంటన్నట్టు చూస్తారు.

అపోహ: కొట్టుకుంటోందంటే డిస్‌ప్లే పోయినట్టే

స్క్రీన్‌షాట్ గాజు మీద కనబడేదాన్ని పట్టుకోదు. ఫోన్ లోపల తయారైన బొమ్మను డిస్‌ప్లేకు చేరకముందే కాపీ చేసుకుంటుంది. అందుకే మీ తెర మీది గీతలు, ఆ స్క్రీన్‌షాట్‌ను నా ఫోన్‌లో తెరిచినా కనిపిస్తే తప్పు డిస్‌ప్లేది కాదు, ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వైపు ఉన్నట్టు. (మీ ఫోన్‌లోనే తెరిచి చూసుకుంటే లాభం లేదు, ఆ గీతలు దాని మీద ఎలాగూ ఉంటాయి.) నా దగ్గర బొమ్మ శుభ్రంగా ఉంటే డిస్‌ప్లేనో, దాన్ని బోర్డుకు కలిపే స్ట్రిప్పో, బోర్డో అని అనుమానించాలి.

అయినా వెంటనే స్క్రూడ్రైవర్ పట్టను. స్క్రీన్‌షాట్‌లో పడని సెట్టింగులు రెండున్నాయి. ఒకటి ఆటో బ్రైట్‌నెస్. వెలుతురు చూసే సెన్సార్ చాలా ఫోన్లలో ఇయర్‌పీస్ పక్కన ఉంటుంది. టెంపర్డ్ గ్లాస్ అంచో, దుమ్మో దానికి అడ్డుపడితే వెలుగు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రెండోది రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో ఆ లెక్క. 120 నుంచి 60కి, మళ్లీ 120కి మారేటప్పుడు కొన్ని ప్యానెళ్లలో రంగు చిన్నగా అదురుతుంది, చీకట్లో, తక్కువ వెలుగులో మరీ తెలుస్తుంది. మొదటిది ఆపేసి, రెండోదాన్ని 60 మీద పెట్టి ఒకరోజు వాడి చూడమని పంపిస్తాను. అలా పంపినందుకు నాకు రూపాయి రాదు, అది వేరే సంగతి.

ఇంకో పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. కంపెనీ లోగో వచ్చేటప్పటికి యాప్‌లేవీ ఇంకా లేవవు. అక్కడే కొట్టుకుంటే యాప్‌లను తిట్టి లాభం లేదు. లోగో నిలకడగా ఉండి, ఫోన్ తెరుచుకున్నాక మొదలైతే సేఫ్ మోడ్‌లో (మీరు వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి) పెట్టి చూడండి. అందులో ఆగిపోతే ఈమధ్య మీరు వేసుకున్న యాప్‌లలో ఏదో ఒకటి కారణం.

అపోహ: రీసెట్ కొడితే సరిపోతుంది

పై నుంచి కింది దాకా ఎప్పుడూ ఒకేచోట ఉండే పచ్చగీతో, గులాబీగీతో రీసెట్‌తో పోదు. ఆ వరుసకు సిగ్నల్ అందడం ఆగింది, అంతే. గీత పోదు, పెళ్లి ఫొటోలు పోతాయి.

అపోహ: కెమెరాలో చూస్తే నల్లపట్టీలు కదులుతున్నాయి, ప్యానెల్ లోపమే

పోయిన నెలలో ఒక బీటెక్ కుర్రాడు కొత్త ఫోన్ తెచ్చాడు. పగలంతా బాగుంటుందట, రాత్రి లైటార్పి పడుకుని చూస్తే కళ్లు లాగుతున్నాయట. ఫ్రెండ్ ఫోన్‌తో తీసిన వీడియో కూడా రుజువుగా తెచ్చాడు.

అమోలెడ్ తెరకు వెనకాల లైటు ఉండదు, ఒక్కో చుక్కా తనంతట తానే వెలుగుతుంది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించినప్పుడు చాలా ఫోన్లు ఆ చుక్కల్ని వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటాయి. ఆర్పి ఉంచే సమయం పెరిగేకొద్దీ కంటికి మసక. చాలా ప్యానెళ్లలో ఇది సెకనుకు 240 సార్లు జరుగుతుంది, కొన్ని కొత్తవాటిలో 1920, 3840 దాకా వెళ్లింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు కూడా సెకనుకు వందసార్లు మినుకుతుంది, మనం గమనించం. కెమెరా గమనిస్తుంది. ఆ పట్టీలు అవే.

అది రిపేరు చేయాల్సిన లోపం కాదు. కానీ కొందరికి తలనొప్పి రావడం నిజం, దాన్ని కొట్టిపారేయను. ఆండ్రాయిడ్ 12 నుంచి 'ఎక్స్‌ట్రా డిమ్' అనే సదుపాయం ఉంది. బ్రైట్‌నెస్ సగానికి పైన ఉంచి, దీంతో మసక చేసుకుంటే ఆర్పడం తగ్గుతుంది, బొమ్మ మాత్రమే నల్లబడుతుంది. కుర్రాడికి అదే పెట్టిచ్చాను.

అపోహ: నీళ్లు పడితే బియ్యంలో పెడితే చాలు

ఒక పెద్దమ్మ ఫోన్ తెచ్చింది. మూడు రోజులు బియ్యం డబ్బాలో ఉంచిందట, ఆన్ అయింది, వారం తర్వాత టపటపా కొట్టుకోవడం మొదలైంది. ముందు చార్జింగ్ జాక్‌లోంచి ట్వీజర్‌తో ఒక నూకగింజ తీశాను. వెనక మూత తీస్తే డిస్‌ప్లే స్ట్రిప్ కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము. బియ్యం లోపలి నీటిని లాగదు. ఆ నీళ్లలోని ఉప్పు రాగిని తింటూనే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్షుతో కడిగి ఆరబెడితే ఆమె డిస్‌ప్లే బతికింది. నీళ్లు పడ్డరోజే స్విచాఫ్ చేసి, చార్జింగ్ పెట్టకుండా తెచ్చి ఉంటే చిలుము పట్టేదే కాదు.

అపోహ: చార్జింగ్‌లో కొట్టుకోవడం మామూలే

మామూలు కాదు. చవక చార్జర్ కరెంటును శుభ్రంగా ఇవ్వకపోతే టచ్ దానంతటదే నొక్కుకుంటుంది, కొన్నిసార్లు తెరా అదురుతుంది. వేరే మంచి చార్జర్ పెట్టి చూడండి. ఏ చార్జర్‌తోనైనా అంతే అయితే ఫోన్‌ను బల్ల మీద పడుకోబెట్టి చూడండి. వెనక మూత ఉబ్బినా, డిస్‌ప్లే అంచు లేచినా బ్యాటరీ ఉబ్బి లోపలినుంచి తోస్తోంది. అలాంటిదాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు, చేత్తో నొక్కొద్దు.

అపోహ: ఏ కాంబో వేసినా ఒకటే

కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ గ్లాస్ కలిపి వచ్చే సెట్టు. సరుకు కోసం హైదరాబాద్ వెళ్తే ఒకే మోడల్‌కు మూడు నాలుగు రేట్లు చెబుతారు. అమోలెడ్ ఫోన్‌కు ఎల్‌సీడీ (వెనకాల లైటుతో వెలిగే తెర) కాపీ వేస్తే సగం ధరలో పనవుతుంది, నిజమే. తెర కింద వేలిముద్ర ఉన్న ఫోన్ అయితే ఆ సెన్సార్ ఇక చదవదు. నలుపు బూడిదరంగులో కనబడుతుంది, కొన్నైతే కొత్తగా ఉండగానే మినుకుతాయి. వేసుకోవద్దని అనను, ఆ ధరకు అదే వస్తుందని ముందే చెప్పి వేస్తాను. ఏదైనా సరే, అతికించకముందే స్ట్రిప్ తగిలించి ఆన్ చేసి చూపించమని అడగండి. గమ్ పూశాక ఏ షాపువాడూ వాపసు తీసుకోడు, నేనూ తీసుకోను.