మూడు నైట్రోజన్లు, పక్కన ఏ లోహం?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు స్ఫటికాలు. దిమ్మకు చిన్న పగులొచ్చినా ధర పడిపోతుంది కాబట్టి వజ్రపు పూసల వైరుతో కోస్తారు. కంకర క్వారీల సంగతి వేరు, అక్కడ రాయి ముక్కలవడమే కావాలి. అక్కడ పేలుడు మందు తూటాను లేపే చిన్న డిటొనేటర్లలో చాలావాటిలో ఉండేది లెడ్ (సీసం) ఎజైడ్. అదీ స్ఫటికమే, కాకపోతే మెరవదు, పేలుతుంది.

ఎజైడ్ అంటే వరసగా మూడు నైట్రోజన్ పరమాణువులు, వాటి మీద ఒక ఋణావేశం. నైట్రోజన్ జంటగా ఉంటేనే కుదురుగా ఉంటుంది. ఆ జంటను విడదీయాలంటే మోలుకు సుమారు 945 కిలోజౌళ్లు కావాలి. ముగ్గురు చేరిన చోట ఎప్పుడూ టెన్షనే.

అయినా సోడియం ఎజైడ్ సుత్తి దెబ్బకు పేలదు. సుమారు 300 డిగ్రీలకు వేడెక్కితే విడిపోయి నైట్రోజన్ వదులుతుంది. ఒంగోలు హైవే మీద తిరిగిన పాత కార్ల ఎయిర్‌బ్యాగ్‌లు ఎక్కువగా దీనితోనే ఉబ్బేవి. 130 గ్రాములు విడిపోతే, సున్నా డిగ్రీల దగ్గర లెక్కేసినా, 67 లీటర్ల వాయువు. ఇది కటిక విషం కావడంతో ఇప్పుడు వేరే రసాయనాలు వచ్చాయి.

మరి సీసంతో కలిస్తే ఎందుకంత ఉగ్రం? సోడియం తన ఎలక్ట్రాన్‌ను పూర్తిగా ఇచ్చేస్తుంది. మధ్య నైట్రోజన్‌కు రెండు వైపులా బంధాలు సమానంగా, సుమారు 1.18 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) పొడవుంటాయి. సీసం అలా వదలదు, ఎలక్ట్రాన్‌లో కొంత వాటా అట్టిపెట్టుకుంటుంది. దాంతో లెడ్ ఎజైడ్ స్ఫటికంలోని చాలా ఎజైడ్‌లలో ఒక బంధం కాస్త పొడవు, రెండోది పొట్టి. పొట్టి వైపున్న రెండూ అప్పుడే జంట కట్టే దారిలో ఉన్నట్టు.

ఈ తేడా పట్టుకోవడం తేలిక కాలేదు. బరువైన సీసం ఎక్స్‌రేలను బలంగా చెదరగొడుతుంది, దాని పక్కన తేలికైన నైట్రోజన్ జాడ సరిగా దొరకదు. న్యూట్రాన్లకు ఆ ఇబ్బంది లేదు. వాటితో చూశాకే స్ఫటికంలో నాలుగు రకాల ఎజైడ్‌ల కొలతలు స్పష్టంగా తేలాయి. బంధాల పొడవులో ఆ తేడా చాలా కొద్దిది, పేలుడుకు అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. లోపల దాగిన శక్తి లెక్క కూడా చూడాలి. మూలకాలతో పోలిస్తే సోడియం ఎజైడ్‌లో మోలుకు 20 కిలోజౌళ్ల చిల్లర అదనం, లెడ్ ఎజైడ్‌లో 450కి పైనే.

రాగి ఇంకా ప్రమాదకారి. తేమ తగిలిన లెడ్ ఎజైడ్ రాగితో చేరితే మరింత సున్నితమైన కాపర్ ఎజైడ్ పుట్టవచ్చు. అందుకే లెడ్ ఎజైడ్ డిటొనేటర్ గొట్టాన్ని అల్యూమినియంతో చేస్తారు. ల్యాబుల్లో సోడియం ఎజైడ్ కలిసిన ద్రావణాలను సింకులో పొయ్యొద్దనేదీ ఇందుకే. రాగి, సీసం పైపుల్లో పేరుకున్న ఎజైడ్, ఎప్పుడో ప్లంబర్ సుత్తి వేసినప్పుడు పేలవచ్చు.