పాత నెయిల్ పాలిష్‌తో ఇంటి చిట్కాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చిక్కబడ్డ సీసాలో నాలుగు చుక్కల రిమూవర్ వేస్తే మళ్లీ కొత్తదవుతుంది.

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పార్లర్‌లో గోళ్లు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. రిమూవర్ వేస్తే పలచబడుతుంది, బాగుపడదు. నెయిల్ పాలిష్‌లో అసలు సరుకు నైట్రోసెల్యులోజ్. దాన్ని ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగించి రంగు కలుపుతారు. గోరు మీద వేశాక ద్రావకం ఆవిరైపోయి పొర మిగులుతుంది. మూత సరిగ్గా పడకపోతే సీసాలో జరిగేదీ ఇదే, మన ఎండాకాలంలో ఇంకా తొందరగా. పోయింది ద్రావకం కాబట్టి మళ్లీ కలపాల్సిందీ ద్రావకమే. బేగంబజార్ కాస్మెటిక్స్ షాపుల్లో నెయిల్ పాలిష్ థిన్నర్ అని అడగండి. రెండు మూడు చుక్కలు వేసి, సీసాను అరచేతుల మధ్య దొర్లించండి. గట్టిగా ఊపితే బుడగలొస్తాయి. రిమూవర్‌లో నీళ్లు, నూనె, సెంటు కూడా ఉండొచ్చు. అవి కలిస్తే పొర గట్టిగా పట్టదు, పెచ్చులుగా ఊడిపోతుంది.

అంటే మన చేతిలో ఉన్నది పలచటి పెయింటు. జిగురూ కాదు, మందూ కాదు. పైగా మంటకి తొందరగా అంటుకునే పెయింటు.

అపోహ: ఆరిపోయాక ప్రమాదం లేదు, ప్రమిదలకీ బోనం కుండకీ వేసుకోవచ్చు.

ఈ ఒక్కటి మాత్రం దయచేసి జాగ్రత్తగా చదవండి. తడిగా ఉన్నప్పుడు దాని ఆవిరి భగ్గుమంటుందని చాలామందికి తెలుసు. ఆరిన పొర కూడా మంట తగిలితే అంటుకుంటుందని తెలియదు. పాతకాలం సినిమా రీళ్లు ఈ నైట్రోసెల్యులోజ్‌తోనే చేసేవారు. ప్రొజెక్టర్ వేడికి అవి తగలబడి థియేటర్లే కాలిపోయిన సందర్భాలున్నాయి. అందుకే 1950ల మొదట్లో వాటిని వదిలేసి వేరే రకం ఫిల్మ్‌కి మారారు. దీపావళి ప్రమిదలో ఒత్తి కాలేది సరిగ్గా అంచు దగ్గరే, మనం మెరుపుల పాలిష్ దిద్దేదీ అక్కడే. బోనం అయితే దీపం తల మీదే ఉంటుంది, పక్కన వేపమండలు, కింద చీర కొంగు. కుండకి సున్నం, పసుపు, కుంకుమ చాలు. రంగులు కావాలంటే నీళ్లతో కలిపే రంగులు, అదీ దీపానికి దూరంగా కుండ కింది భాగంలో వేయండి.

పాలిష్ దేనికి వాడుతున్నా స్టవ్, అగరుబత్తి దగ్గర్లో లేకుండా, కిటికీ తీసి పెట్టుకుని కూర్చోండి.

అపోహ: వైరు పైతొడుగు చిరిగితే నాలుగు కోటింగులు వేస్తే సరి.

వద్దే వద్దు. ఆ పొర పగులుతుంది, వేడెక్కితే అంటుకుంటుంది. వైరు మార్పించండి.

అపోహ: వన్ గ్రామ్ గోల్డ్ నగలకి ట్రాన్స్‌పరెంట్ పాలిష్ వేస్తే ఎప్పటికీ నల్లబడవు.

ఇది సగం నిజం. చెమట, గాలి నేరుగా తగలవు కాబట్టి కొంతకాలం మెరుపు నిలుస్తుంది. నగను మెత్తటి గుడ్డతో తుడిచి, తడి లేకుండా ఆరనిచ్చి, పలచగా ఒక కోటు, అది పూర్తిగా ఆరాక ఇంకొకటి వేయండి. ఒకేసారి మందంగా వేస్తే పైన ఆరి లోపల మెత్తగా ఉండిపోతుంది, వేలిముద్ర పడుతుంది. దిద్దుల వెనకవైపు, గాజుల లోపలివైపు రాపిడి ఎక్కువ, అక్కడే ముందు ఊడుతుంది, మళ్లీ వేసుకోవాలి. కానీ చెవి దురద పెడుతుంటే పాలిష్ పూసి అవే పెట్టుకోకండి. ఇలాంటి నగల్లో ఉండే నికెల్ లోహం పడనివాళ్లకి ఆ పొర ఎక్కడ ఊడినా చాలు, మళ్లీ మొదలవుతుంది. కొందరికి నెయిల్ పాలిష్‌లోని రెజిన్ కూడా పడదు.

పత్తర్‌గట్టీలో కొన్న ముత్యాలకి మాత్రం పాలిష్ గానీ రిమూవర్ గానీ తగలనివ్వకండి, పైమెరుపు పాడవుతుంది. లాడ్‌బజార్ లక్క గాజుల్లో రాయి ఊడితే పాలిష్‌తో అంటించే ప్రయత్నం వద్దు. వేడికి మెత్తబడ్డ లక్కలో రాళ్లు పొదుగుతారు, ఆ పని చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

అపోహ: పిల్లల ప్రాజెక్టు థర్మాకోల్‌కి కూడా బాగుంటుంది.

ఒక ముక్క మీద చుక్క వేసి చూడండి. తెల్లటి గింజలు కుంగిపోయి గుంట పడుతుంది. ద్రావకం థర్మాకోల్‌ని కరిగించేస్తుంది.

టీ కప్పులకి రంగులద్దే వీడియోలు కూడా చూస్తున్నారు కదా. నీళ్లలో పాలిష్ తేలించి కప్పు ముంచడం నిజంగా అందంగా వస్తుంది. పెన్నులు పెట్టుకునే కప్పుకి చేసుకోండి, పెదవి తగిలే కప్పుకి వద్దు. పాలిష్ పూస్తే పులిపిర్లు రాలతాయన్న మాట కూడా నమ్మకండి. అవి వైరస్ వల్ల వచ్చేవి, పాలిష్‌తో పోవు. ఇక జెల్ పాలిష్ ఇంటి పనులకి అసలు పనికిరాదు. అది దాని ప్రత్యేక లాంప్ కింద తప్ప గట్టిపడదు, తడిగా చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు.

మరి మామూలు పాలిష్ దేనికి పనికొస్తుంది? గుర్తులకి, చిన్న చిన్న బిగింపులకి. నాకు అన్నిటికంటే నచ్చింది వాల్వుల గుర్తు. మంజీరా (మున్సిపల్ నల్లా) లైనుకి నీలం, బోరు లైనుకి ఎరుపు పెడితే పొద్దున్నే నీళ్లొచ్చినప్పుడు ఎవరు తిప్పినా తప్పు పోదు. అత్తగారి మందుల డబ్బాల మూతలపై ఉదయానివి ఒక రంగు, రాత్రివి ఒక రంగు. ఒకేలా ఉండే ఫ్లాట్ తాళంచెవులకి తలో రంగు. కళ్లజోడు స్క్రూ మాటిమాటికీ వదులైతే బిగించి పైన గుండుసూది మొనతో ఒక చుక్క పెట్టండి. ఫ్రేమ్ ప్లాస్టిక్‌దైతే పక్కకి అంటకూడదు, మసకబారుతుంది. చీర అంచులో దారం లేచిందా, లోపలివైపు చుక్క వేస్తే ఇంకా లాగుకుపోదు. ముందు మూలన ఒకచోట వేసి చూడండి, కొన్ని సిల్కుల మీద మరక కనిపిస్తుంది.

మిగిలింది సింకులో పోయకండి. మూత బిగించి, కాలం చెల్లిన మందులు, పెయింటు డబ్బాలు వేసే కవర్లో వేసి, చెత్త ఆటో అతనికి ఏముందో చెప్పి విడిగా ఇవ్వండి.