పిల్లలకు అగ్ని భద్రత, రోడ్డు భద్రత: అపోహలు - వాస్తవాలు

ప్రాథమిక పాఠశాలల్లో అగ్ని భద్రత, రోడ్డు భద్రత పాఠాలు చెప్పే పనిలో నాకు తరచుగా ఎదురయ్యే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఇవి పిల్లల అపోహలు కావు. తల్లిదండ్రులవి, ఉపాధ్యాయులవి, కొన్ని సందర్భాల్లో మా వంటి శిక్షకులవి కూడా.

అపోహ: నియమాలు తప్పులేకుండా అప్పజెప్పే పిల్లలు రోడ్డు దాటగలరు.

"ఆగాలి, అటూ ఇటూ చూడాలి, ఆ తర్వాతే దాటాలి" అని తడుముకోకుండా చెప్పే పిల్లలను రోడ్డు అంచున నిలబెట్టి గమనిస్తే, చాలామంది తలను రెండు వైపులా తిప్పుతారు గానీ, తిప్పుతూనే అడుగు ముందుకు వేసేస్తారు. తల తిప్పడం వారికి వచ్చింది, చూడటం ఇంకా రాలేదు. అందువల్ల నేను "చూశావా?" అని అడగడం మానేసి, "ఏం కనిపించింది? అది మన వైపు వస్తోందా, అటు వెళ్లిపోతోందా?" అని అడుగుతాను, ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నిజంగా చూడక తప్పదు.

చూసినా సరే, ఎదురుగా వచ్చే వాహనం ఎంత వేగంతో వస్తోందో అంచనా వేసే శక్తి ఈ వయసులో పూర్తిగా ఏర్పడదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు ముందుకు వస్తుంది, అంటే డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం గడిచిపోతుంది, బండి ఆగడానికి ఇంకొంత దూరం కావాలి. పిల్లలు మాత్రం ఎక్కువగా దూరాన్నే లెక్క చూసుకుంటారు కనుక, దూరంగా ఉండి వేగంగా వచ్చే కారు కంటే దగ్గరగా ఉండి మెల్లగా వచ్చే సైకిలే వారికి ప్రమాదంగా తోస్తుంది.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో, డ్రమ్‌చాపెల్ ప్రాంతంలో 1990లలో మొదలైన ప్రయత్నం నుంచి రూపుదిద్దుకున్న కెర్బ్‌క్రాఫ్ట్ అనే పద్ధతి ఈ కారణంగానే నాకు నచ్చింది. అందులో 5 నుంచి 7 ఏళ్ల పిల్లలకు తరగతి గదిలో కాకుండా వీధిలోనే, శిక్షణ పొందిన స్థానిక పెద్దల పర్యవేక్షణలో, మూడు విషయాలు నేర్పుతారు: దాటడానికి అనువైన చోటును ఎంచుకోవడం, ఆగి ఉన్న వాహనాల మధ్య నుంచి దాటడం, కూడళ్ల దగ్గర దాటడం.

వీటిలో రెండవదానికే నేను ఎక్కువ సమయం ఇస్తాను. బడి ఆవరణలో తాళంచెవి తీసేసి నిలిపి ఉంచిన వ్యానులో డ్రైవరు సీటు మీద పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వారి స్నేహితుడిని బండికి ముందు ఆనుకొని నిలబడమంటాను. "వాడు మాయమైపోయాడు" అన్న మాట ప్రతి తరగతిలోనూ వినిపిస్తుంది. తాము బండిని చూడగలిగినంత మాత్రాన బండిలోని మనిషి తమను చూడలేడని ఆ సీటు చెప్పినంత స్పష్టంగా నేను చెప్పలేను. ఆ తర్వాతే, ఆగి ఉన్న వాహనం బయటి అంచు దగ్గర రెండవసారి ఆగి చూడాలన్న సంగతి వారికి అర్థమవుతుంది.

అపోహ: ఆకుపచ్చ దీపం వెలిగితే, జీబ్రా గీతల మీద ఉంటే భయం లేదు.

దీపమూ గీతలూ వాహనాన్ని ఆపవు, ఆపవలసింది డ్రైవరే. మలుపు తిరిగే బండ్లు ఆకుపచ్చ వెలిగినప్పుడు కూడా రావచ్చు కనుక, అవి పూర్తిగా ఆగాకే కదలాలని నేర్పాలి.

అపోహ: "ఆగు, పడుకో, దొర్లు" వస్తే అగ్ని భద్రత వచ్చినట్లే.

ఒంటి మీది బట్టలకు నిప్పు అంటుకున్నప్పుడు, ముఖాన్ని చేతులతో కప్పుకొని చేయవలసిన పని అది. మరి దేనికీ కాదు. సరదాగా ఉంటుంది కనుక పిల్లలకు అదే బాగా గుర్తుండిపోతుంది, అలారం మోగితే ఏం చేస్తారని అడిగినా కొందరు నేల మీద దొర్లి చూపిస్తారు. అగ్నిప్రమాదాల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది మంట కంటే పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. వేడి పొగ పైకి చేరుతుంది కాబట్టి మోకాళ్ల మీద పాకుతూ బయటపడటం, మూసిన తలుపును తెరిచే ముందు అరచేతి వెనుక భాగంతో తాకి చూడటం, బయటికి వచ్చాక బొమ్మ కోసమైనా లోపలికి వెళ్లకపోవడం ముందు నేర్పాలి.

అపోహ: భయపడితే పిల్లలు వాళ్లంతట వాళ్లే బయటికి పరుగెత్తుతారు.

చాలామంది దాక్కుంటారు. మంచం కింద, బీరువా వెనుక నక్కిన పిల్లలకు, ముఖానికి మాస్కు వేసుకొని బుసకొట్టినట్లు ఊపిరి తీస్తూ వచ్చే అగ్నిమాపక సిబ్బంది మరింత భయం పుట్టిస్తారు, అందుకే పిలిచినా పలకరు. ఆ దుస్తులను పిల్లల ముందే ఒక్కొక్కటిగా తొడుక్కొని, చివరగా మాస్కు పెట్టుకొని, ఆ గొంతుతోనే వారిని పేరు పెట్టి పిలిచి చూపించడం అవసరం. నిద్ర విషయం ఇంకా వేరు: స్మోక్ అలారం మోగుతున్నా గాఢనిద్రలోని పిల్లలు లేవకపోవడం మామూలే కనుక, వారిని ఎవరు లేపి తీసుకువస్తారో ఇంట్లో పెద్దలు ముందే నిర్ణయించుకోవాలి.

అపోహ: నిప్పు గురించి మాట్లాడితే లేనిపోని కుతూహలం కలుగుతుంది.

కుతూహలం మనం మాట్లాడకముందే ఉంటుంది. కాలిన శరీరాల ఫొటోలు చూపించి దాన్ని అణచాలనుకోవడం కూడా పొరపాటే. ఆ ఫొటోలు రాత్రి నిద్ర చెడగొడతాయి తప్ప ఏం చేయాలో చెప్పవు. లైటరో అగ్గిపెట్టో కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దవాళ్లకు చెప్పమంటాము. అలా వచ్చి చెప్పిన బిడ్డను "అక్కడికెందుకు వెళ్లావు?" అని కసిరితే, రెండవసారి చెప్పడు. అందువల్ల ఈ పాఠం చెప్పిన రోజే తల్లిదండ్రులకు కూడా చీటీ పంపుతాను: ఆ వస్తువులను అందని చోట పెట్టండి, చెప్పినందుకు మెచ్చుకోండి, సుమారు 10 ఏళ్లు వచ్చేవరకు రద్దీ రోడ్డు మీద చేయి వదలకండి.