డబుల్ హైట్ ఫాయర్: గోడ పైదాకా నింపక్కర్లేదండీ

డ్యూప్లెక్స్ కట్టుకున్నవాళ్లు గృహప్రవేశం దగ్గర పడ్డాక ఫోన్ చేస్తారు. అందరిదీ ఒకటే టెన్షన్. సింహద్వారం తీయగానే ఫాయర్‌లో (పైన గది వేయకుండా రెండంతస్తుల ఎత్తు వదిలిన ముందు హాలు) ఇరవై అడుగుల గోడ బోసిగా కనిపిస్తోంది, పైదాకా ఏదో ఒకటి చేయించకపోతే చుట్టాలు ఏమనుకుంటారో అని. విజయవాడ, గుంటూరుల్లో ఇంటీరియర్ పనులు చేస్తుంటాను, ఈ మాట వినని నెల ఉండదు.

అపోహ: ఎత్తంతా నింపితేనే అందం.

వాస్తవం: లోపలికి అడుగుపెట్టిన మనిషి చూపు ముందు పడేది కింద ఏడెనిమిది అడుగుల మీదే. అక్కడ పని శుభ్రంగా ఉంటే పైన గోడకి మంచి రంగు చాలు, ఆ ఖాళీ వల్లే ఎత్తు తెలుస్తుంది. దాని కోసం పైన ఒక గది వదులుకున్నారు, మళ్లీ ప్యానెళ్లతో మూసేయడం దేనికి? లెక్క వేసుకోండి, 12 అడుగుల వెడల్పు గోడకి 20 అడుగుల ఎత్తంటే 240 చదరపు అడుగులు, 8 అడుగుల దగ్గర ఆపితే 96. పరంజా ఖర్చు కూడా తప్పుతుంది. ఇక లూవర్ ప్యానెళ్లు, అంటే వరసగా గాళ్లుండే గోడ పలకలు. రీల్స్‌లో బాగుంటాయి, కానీ ఒక్కో గాడిలో పేరుకునే దుమ్ము వేలితో తీస్తే తప్ప రాదు. పదిహేను అడుగుల ఎత్తున అది తుడిచేదెవరు? పనమ్మాయిని నిచ్చెన ఎక్కించకండి, ప్రమాదం. రాతి క్లాడింగ్ (గోడకి రాతి పలకలు తొడగడం) అయితే అంత ఎత్తున గమ్ముతో అతికించేస్తామనేవాళ్లని అసలు నమ్మొద్దు, పలకని గోడకి పట్టి ఉంచే లోహపు క్లాంపులు ఉండాల్సిందే, కింద పిల్లలు తిరుగుతారు.

పోరంకిలో రిటైరైన టీచర్ దంపతులకి ఎవరో కాంట్రాక్టర్ పైదాకా మార్బుల్ షీట్లకి కొటేషన్ ఇచ్చారు. "బాబూ, ఇది చేయించకపోతే ఇల్లు పూర్తికానట్టేనా?" అని ఆవిడ అడిగితే నాకు చాలా బాధేసింది, ఉన్న పీఎఫ్ డబ్బంతా అప్పటికే ఇంటికి పెట్టేశారు. ఆ పని వద్దన్నాను. కింద చిన్న టేకు బల్ల, దాని మీద కంటికి ఆనే ఎత్తులో ఆవిడ దాచుకున్న కొండపల్లి దశావతారాలు పెట్టాం (చిన్న బొమ్మలు పైన ఎక్కడో పెడితే కనపడవు). ఎత్తు చూపించడానికి ఒక్క పొడవాటి వస్తువు చాలు కాబట్టి పెడన కలంకారీ గుడ్డ ఒకటి, పై అంతస్తు రెయిలింగ్ నుంచి చెయ్యి అందేలా కర్రకి వేలాడదీశాం. దులపాలన్నా మార్చాలన్నా నిచ్చెన అక్కర్లేదు. టైల్స్, గాజు వల్ల వచ్చే ప్రతిధ్వని కూడా గుడ్డతో కాస్త తగ్గుతుంది. నేరుగా ఎండ తగిలే గోడకి మాత్రం వద్దు, రంగులు వెలిసిపోతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

షాండ్లియర్ (పైనుంచి వేలాడే అలంకార దీపం) ఎంత పెద్దదైతే అంత రిచ్ అంటారు, కాదు. పొడవు, వెడల్పు అడుగుల్లో కలిపితే వచ్చే అంకె అంగుళాల్లో దాని వ్యాసం. 12, 14 అడుగుల ఫాయర్‌కి 26 అంగుళాలు సరిపోతుంది.

ఎత్తున్న హాల్లో ఉక్కపోయదనేది సగమే నిజం. వేడి గాలి పైకి పోతుంది, కానీ పైన వెంటిలేటర్ తెరుచుకోకపోతే అక్కడే నిలిచి పై గదులని ఉడికిస్తుంది. మన మే నెల ఎండలకి పడమటి వైపు పెద్ద గాజు అసలే వద్దు.

డబుల్ హైట్ ఉంటే డబ్బు నిలవదని ఎవరో అన్నారట. దయచేసి ఇలాంటివి విని నిద్ర పాడుచేసుకోకండి, కట్టిన స్లాబులు పగలగొట్టించుకోకండి.

జిప్సం సీలింగ్ షాండ్లియర్ బరువు మోస్తుందనుకోవడం ప్రమాదం. బరువు స్లాబు హుక్ మీదే పడాలి. ఇంకా స్లాబు వేయనివాళ్లు సెంట్రింగ్ అప్పుడే మేస్త్రికి చెప్పి హుక్, వైరు పైపు పెట్టించుకోండి, బల్బు మార్చడానికి కిందికి దించే మోటారు కావాలంటే దానికి పవర్ పాయింటు కూడా అప్పుడే చెప్పాలి.