చిన్న టూ స్ట్రోకా పెద్ద టూ స్ట్రోకా: ఈ గొడవ ఎప్పటిది, ఎక్కడిది

అనంతపురంలో ఏ పాత మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడినా ఈ గొడవ వినపడుతుంది. ఒకాయన "మట్టి రోడ్డుకి ఆరెక్స్‌ని మించిన బండి ల్యా అప్పా" అంటాడు, పక్కనే బీడీ కాలుస్తున్న ఇంకొకాయన "పోప్పా, యెజ్డీ లాగినట్టు లాగుతాదా అది" అంటాడు, ఇద్దరూ ముప్పై ఏళ్ల నుంచి ఇదే. ఆరెక్స్ అంటే యమహా వాళ్ల వంద సీసీ ఆర్ఎక్స్ 100, యెజ్డీ అంటే మైసూరులో చేసిన 250 సీసీ బండి, రెండూ టూ స్ట్రోకులే. ఇప్పుడు మన కుర్రోళ్లు వీకెండ్‌కి బెంగళూరు సైడు డర్ట్ ట్రాకులకి పోయి ఫారిన్ బండ్లు తోలి వస్తున్నారు కదా, అదే గొడవ 125 సీసీ మేలా 300 సీసీ మేలా అని కొత్త పేరుతో మళ్లీ మొదలైంది. నాకు తెలిసినంతలో ఇద్దరు పెద్దాయనలూ కరెక్టే, కానీ సీసీ గురించి కాదు. అసలు ఈ సీసీ లెక్కలు ఎక్కడినుంచి వచ్చినాయో చూస్తే అది అర్థమవుతుంది.

125, 250, 500 అనే నంబర్లు ఎవరూ కొండలూ రాళ్లూ చూసి పెట్టినవి కాదు, యూరప్‌లో రేసుల కోసం పెట్టుకున్న క్లాసులు అవి. మోటోక్రాస్‌లో, అంటే జంపులుండే మట్టి ట్రాకు రేసుల్లో, 500 క్లాసుకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1957లో వచ్చింది, 250కి 1962లో, 125కి అయితే 1975 దాకా రాలేదు. మొదట్లో 500 క్లాసంతా బరువైన ఫోర్ స్ట్రోకులదే రాజ్యం. 1966లో పాల్ ఫ్రీడ్రిక్స్ అనే తూర్పు జర్మనీ రైడరు సీజెడ్ కంపెనీ 360 సీసీ టూ స్ట్రోకు మీద ఆ టైటిల్ కొట్టేసినాడు, వరసగా మూడేళ్లు వదల్లేదు. సీజెడ్ అంటే చెకోస్లొవేకియా కంపెనీ, జావాకి అన్నదమ్ముల వరుస, మన మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసిన యెజ్డీకి పుట్టిల్లు అదే. షెడ్డు దగ్గర పెద్దాయన యెజ్డీని ఊరికే పొగడడం లేదన్నమాట.

ఇంకో కథ కూడా చెప్పుకోవాలి, ఇది లేకపోతే చిన్న టూ స్ట్రోకు అనేదానికి అంత పేరే వచ్చేది కాదు. టూ స్ట్రోకు ఇంజనుకి ఫోర్ స్ట్రోకుకి ఉన్నట్టు వాల్వులు ఉండవు, సిలిండరు గోడకి ఉండే పోర్టుల్లోంచే గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి, పొగ బయటికి పోతుంది, ఈ సందడిలో కాలని పెట్రోలు కూడా కొంత సైలెన్సరులోకి జారిపోతుంది. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు 1950ల్లో సైలెన్సరు పైపు మధ్యలో పొట్టలాగా ఉబ్బెత్తుగా చేసి, పొగతో పాటు పోయే ప్రెషర్ అల వెనక్కి కొట్టుకొచ్చి ఆ జారిపోయే పెట్రోలుని మళ్లీ సిలిండర్లోకి తోసేలా దాన్ని తీర్చిదిద్దినాడు. 1961లో ఆ టీము రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటి పారిపోయి ఆ విద్యంతా సుజుకీకి అప్పజెప్పినాడు, మరుసటి ఏడాదే సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టింది. సినిమా తీయొచ్చు ఆ కథ మీద. 1970కల్లా జోయెల్ రాబర్ట్ సుజుకీ మీద 250 మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచినాడు, జపాన్ బండికి ఆ ఆటలో అదే మొదటిది.

అయితే ఆ పొట్ట పైపుకి ఒక తిరకాసు ఉంది. అల వెనక్కి వచ్చే టైమూ పోర్టు మూసుకునే టైమూ కలిస్తేనే పని జరుగుతుంది, అది కొన్ని ఆర్పీఎంల (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) మధ్యనే కలుస్తుంది. దాన్నే పవర్‌బ్యాండ్ అంటారు. దానికి కింద ఉంటే బండి నిద్రపోతున్నట్టే ఉంటుంది, అందులోకి వచ్చిందంటే లాగి తన్నినట్టు ముందుకి దూకుతుంది. చిన్న ఇంజనుకి వేరే దిక్కు లేదు, 54 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు) ఉండే 125 మోటోక్రాస్ బండి అసలు సత్తా అంతా దాదాపు 11 వేల ఆర్పీఎం దగ్గర ఉంటుంది, క్లచ్ మీద వేళ్లు తీయకుండా గేర్లు తన్నుకుంటూ అక్కడే ఉంచాలి. పెద్ద ఇంజను ఈ ఆట మీద అంతగా ఆధారపడదు. 1982లో యమహా వైజెడ్ 250కి పవర్ వాల్వ్ పెట్టినారు, తక్కువ స్పీడులో ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తు తగ్గించి, స్పీడు పెరిగితే పెంచేది, దాంతో కింద లాగుడూ పైన పరుగూ ఒకే బండిలో కొంచెం కలిసినాయి.

ఇంతలో 500లు మితిమీరిపోయినాయి. హోండా సీఆర్ 500 లాంటివి వంద కిలోల చిల్లర బరువుకి అరవై గుర్రాల దాకా పవరు, మామూలు మనిషి పది నిమిషాలు తోలితే చేతులు పట్టేస్తాయి. అమెరికాలో 500 నేషనల్ క్లాసు 1993తో ఆగిపోయింది, హోండా ఆ బండిని 2001 దాకా ఎలాగో లాగించి వదిలేసింది.

మన దగ్గర ఇదేమీ జరగలేదు. దిగుమతులు బంద్, కొనాలంటే ఉన్నవే కొనాలి. రాజ్‌దూత్ 175 పాల క్యాన్లు మోసింది, టీవీఎస్ 50 శనక్కాయ మూటల నుంచి మేకపిల్లల దాకా అన్నీ మోసింది. 1985లో ఆర్ఎక్స్ 100 వచ్చింది, బోరు 50 స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 50, 98 సీసీ, 11 గుర్రాలు, బరువు వంద కిలోల పైన కొంచెం. అవతల యెజ్డీ బోరు 65 స్ట్రోకు 75, అంటే పిస్టను ప్రయాణం పొడుగు, నెమ్మదిగా తిరుగుతూనే లాగే ఇంజను, కానీ ఒక మనిషి వల్ల పక్కకి ఎత్తి పెట్టే బరువు కాదు. ఇంకా పెద్దది కావాలంటే రాజ్‌దూత్ 350 ఉండేది, హై టార్క్ అనే మొదటి మోడలు అయితే 30.5 గుర్రాలు, పెట్రోలు తాగుతుందని జనం గోల పెడితే తర్వాత 27కి తగ్గించినారు, అయినా ఎవరూ కొనలేదు. ఇప్పుడు దానికి లక్షలు పెడుతున్నారు, అది వేరే కథ.

సో మన ఏరియాలో "చిన్నది" అంటే తేలికగా చేతికి లొంగేది, "పెద్దది" అంటే బరువైనది, పెట్రోలు తాగేది అని ముద్ర పడిపోయింది. షెడ్డు దగ్గర వాదనలో నిజంగా తూచుకుంటున్నది బండి బరువూ పిస్టను స్ట్రోకూ. కోయిలకుంట్ల నల్లరేగడిలో వాన పడినప్పుడు యెజ్డీ మెల్లగా పాకుతూ బయటపడుతుంది, పెనుకొండ కొండ బాటలో రాయి మీదనుంచి రాయి మీదికి ఆర్ఎక్స్ అయితే దిగి తోసుకోవచ్చు. రెండూ నిజమే కదా.

పొల్యూషన్ రూల్సు వచ్చినాక ఆ ముచ్చట కూడా ముగిసింది, ఆర్ఎక్స్ 100 1996లో ఆగింది, అదే ఏడాది మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. బయట దేశాల్లో టూ స్ట్రోకుని దెబ్బ తీసింది మాత్రం పొగ కంటే ముందు రేసు రూలు. అమెరికాలో 250 టూ స్ట్రోకులతో పాటు దాదాపు రెట్టింపు సైజు ఫోర్ స్ట్రోకుని పోటీకి రానిచ్చినారు, 1997లో లాస్ వేగాస్ సూపర్‌క్రాస్‌లో (స్టేడియంలో పెట్టే మోటోక్రాస్) డగ్ హెన్రీ యమహా 400 ఫోర్ స్ట్రోకు మీద గెలిచినాడు, మరుసటి ఏడాది అవుట్‌డోర్ టైటిల్ కూడా. ఇంక చూస్కో, పదేళ్లు తిరిగేసరికి హోండా పెద్దవాళ్లు తోలే సైజు టూ స్ట్రోకు మోటోక్రాస్ బండ్లు ఆపేసింది. సగం సైజు బండిని రెట్టింపు బండితో కొట్లాడమనడం ఏం న్యాయమో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

మరి 300 ఎట్ల బతికింది? రేసు ట్రాకు దాటి కొండల్లోకి పోయింది కాబట్టి. ఆస్ట్రియాలో ఎర్జ్‌బర్గ్ అని ఇనుప గని ఉంది, మెట్లు మెట్లుగా తవ్విన కొండ, మన ఓబుళాపురం సైడు గనులు చూసినోళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ 1995 నుంచి రేసు పెడుతున్నారు. అలాంటి రాళ్లలో గ్రాహం జార్విస్ లాంటి వాళ్లు 300 టూ స్ట్రోకుల మీద ఎక్కుతుంటే వీడియోల్లో చూడండి, స్పీడే ఉండదు, ఇంజను గుడగుడమంటూ తిరుగుతూ ఉంటుంది అంతే. కేటీఎం 300 బోరు 72 స్ట్రోకు 72, కింది ఆర్పీఎంలోనే లాగుడు, బరువు వంద కిలోల దగ్గర. యెజ్డీ లాగుడు ఆర్ఎక్స్ బరువులో దొరికితే ఎట్లుంటుందో అది. షెడ్డు దగ్గర ఇద్దరినీ ఒకేసారి ఊరుకోబెట్టే బండి.

మన ఎండ సంగతి కూడా చూసుకోవాలి. మే నెలలో గుత్తి కొండ లాంటి చోట మొదటి గేరులో పాకుతుంటే రేడియేటరుకి గాలి తగలదు, 125ని అక్కడ అరిపిస్తూ ఎక్కించాలి, త్వరగా వేడెక్కుతుంది, పిస్టను రింగులు కూడా తరచుగా మార్చాలి. ఇంకోటి, ఎండకి ఇంజను పట్టేస్తుందని అందరూ ఎండాకాలం కార్బురేటరుతో కుస్తీ పడతారు గానీ, వేడి గాలి పలచన కాబట్టి జెట్ (కార్బురేటరులో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం) మార్చకపోతే మిక్చరు రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి పెట్రోలు పోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. లీన్ అయ్యేది, అంటే పెట్రోలు తక్కువయ్యేది, డిసెంబరు తెల్లవారుజామున, మడకశిర చలిలో. పిస్టను గీసుకునే ప్రమాదం అప్పుడే ఎక్కువ. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు (టూ స్ట్రోకు ఆయిలు) కలపాలని బంకు రోజుల లెక్కే ఇప్పటికీ చాలా బండ్లకి నడుస్తుంది, కేటీఎం మాత్రం 2018 మోడలు నుంచి ఎండ్యూరో (కొండలూ రాళ్లలో దూరం పోయే) టూ స్ట్రోకులకి ఫ్యూయల్ ఇంజెక్షనూ వేరే ఆయిలు ట్యాంకూ పెట్టింది, జెట్ల గోల పోయింది.

ఇంత చేసీ ఇక్కడ మళ్లీ మార్కెట్టే తేలుస్తోంది. ఇండియాలో కంపెనీలు తెచ్చిన టూ స్ట్రోకు డర్ట్ బైకులు కవాసాకీ కేఎక్స్ 65, కేఎక్స్ 112, కేటీఎం 50, 65, 85 లాంటి పిల్లల సైజువే, నంబరు ప్లేటు రాదు, రోడ్డెక్కించకూడదు, ట్రాకు దాకా బొలేరోలో వేసుకుని పోవాల్సిందే. నల్లమల, లంకమల వైపు అయితే ఏ బండీ తీసుకుపోకండి, అది పులులదీ కలివికోడిదీ, ఫారెస్టోళ్లు కేసు పెడితే తప్పు వాళ్లది కాదు.

నన్ను అడిగితే, ట్రాకు మీద నేర్చుకోడానికి చిన్నదే, క్లచ్చూ గేరూ అదే నేర్పిస్తుంది. చిత్రావతి ఇసుకలో, రాళ్ల కొండల్లో తిరగాలంటే డబ్బులున్నోళ్లకి 300 ఎండ్యూరో. మధ్యలో సెకండ్ హ్యాండ్ 250 మోటోక్రాస్ బండి చీప్‌గా వస్తుందని ఎగబడేవాళ్లు చాలామంది ఉన్నారు, అది మాత్రం వద్దు, అది జంపుల కోసం కట్టిన బండి, మన రాళ్లలో 125 కంటే కష్టపెడుతుంది, దానికి పిస్టన్ కిట్టు తెప్పించాలంటే నెలలు పడుతుంది.