సయనో వచ్చిందని నైట్రేట్‌ని సున్నా చేయకండి: రీఫ్ ట్యాంకు అపోహలు, వాస్తవాలు

రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తగానే "అన్నా, ఇసుక మీద రక్తం గడ్డకట్టినట్టుంది, చేపలు చచ్చిపోతాయా?" అని అవతలి గొంతు వణుకుతుంటే, ఫొటో చూడకముందే అది సయనో, అంటే ఇసుక మీద ఎర్ర పొరలా పరచుకునే సయనోబ్యాక్టీరియా అని నాకు అర్థమైపోతుంది. హైదరాబాద్‌లో ఇళ్లలో మెరైన్ ట్యాంకులు, అంటే సముద్రపు చేపలు, పగడాలు (కోరల్స్) పెంచే ఉప్పునీటి అక్వేరియాలు పెట్టడం, నెలనెలా వెళ్లి చూసుకోవడం నా పని. ఇలాంటి ఫోన్లు ఎన్ని వచ్చాయో లెక్క లేదు. ముందు టెన్షన్ వదిలేయండి. ఆ ఎర్ర పొర రాత్రికి రాత్రే చేపల్ని చంపదు. అసలు నష్టం జరిగేది దాన్ని చూసిన మర్నాటి నుంచి మనం హడావుడిగా చేసే పనుల వల్ల.

వాటిలో జనాన్ని ఎక్కువగా ముంచుతున్న మాట ఇది: "సయనో వచ్చిందంటే నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగినట్టే, రెండూ సున్నాకి దించితే తిండి లేక అదే పోతుంది." ఆ రెండూ చేపల మలం, మిగిలిన తిండి నుంచి నీళ్లలో చేరే పోషకాలు. ఈ మాట ఒకరి నుంచి ఒకరికి పాకి వేదవాక్యం అయిపోయింది. ఇది విని ట్యాంకులు పాడుచేసుకున్నవాళ్లని చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

వరి మడిలో అజొల్లా ఎందుకు వేస్తారో మీ ఊళ్లో ఏ రైతునైనా అడగండి, నత్రజని ఇస్తుందని చెప్తారు. ఆ నత్రజనిని గాలిలోంచి పట్టేది అజొల్లా ఆకుల్లో కాపురముండే అనబీనా, అది సయనోబ్యాక్టీరియానే. మన ట్యాంకుల్లో వచ్చే సయనోలో కూడా చాలా రకాలకి ఈ శక్తి ఉంది. నీళ్లలో నైట్రేట్ లేకపోయినా వాటికి పూట గడుస్తుంది, గడవనిది మిగతా నాచుకి, మంచి బ్యాక్టీరియాకి, కోరల్స్‌కి. అంటే నైట్రేట్‌ని సున్నా చేస్తే మనం పస్తు పెడుతున్నది సయనోని కాదు, దానికి పోటీగా ఉన్నవాటిని. పైగా టెస్ట్ కిట్‌లో సున్నా వచ్చినంత మాత్రాన ట్యాంకులో పోషకం లేనట్టు కాదు. ఇసుకలో, రాళ్ల సందుల్లో పేరుకున్న మలం, మిగిలిన తిండి కుళ్లుతూ ఫాస్ఫేట్ వదులుతుంటే, పైన పరచుకున్న పొర దాన్ని అక్కడికక్కడే తాగేస్తుంది. అది నీళ్లలోకి వస్తే కదా కిట్‌కి దొరికేది.

మియాపూర్‌లో ఒక తమ్ముడిది 300 లీటర్ల ట్యాంకు, జొయాంథిడ్స్, మష్రూమ్స్ అనే కోరల్స్, రెండు క్లౌన్ చేపలు. సయనో కనపడ్డ రోజు అతని నైట్రేట్ అప్పటికే సున్నా. అయినా ఎవరో చెప్పారని సగం నీళ్లు మార్చాడు, రియాక్టర్ అనే ఫిల్టర్ గొట్టం నిండా ఫాస్ఫేట్‌ని పీల్చే జీఎఫ్ఓ గుళికలు నింపాడు, చేపలకి తిండి రోజు విడిచి రోజు చేశాడు. రెండు వారాల్లో ఎరుపు పోయింది, సంతోషంగా ఫొటో పంపాడు. ఆ తర్వాతి వారం గోధుమరంగు జిగురు మొదలైంది, చీమిడిలా తీగలు సాగి, ఒక్కో తీగ కొసన ఒక గాలి బుడగ. పొద్దున్న లేచేసరికి నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి. "సయనోనే రంగు మార్చుకుని వచ్చిందన్నా" అన్నాడు. కాదు, అవి డైనోఫ్లాజెలేట్లు, సయనోతో సంబంధం లేని వేరే ఏకకణ జీవులు. నేను వెళ్లి ఒక చుక్క తీసి నా చిన్న మైక్రోస్కోపు కింద పెట్టి చూపించాను. సయనో అయితే సన్నటి దారపు పోగుల్లా కనపడుతుంది, అతని ట్యాంకులోవి నువ్వుగింజ ఆకారంలో, ఒకచోట కట్టేసినట్టు గిరగిరా తిరుగుతున్నాయి. ఆ రకం పేరు ఆస్ట్రియోప్సిస్. విషం ఉన్న రకం, నత్తలు పోయింది అందుకే. పోషకాలు సున్నా అయిన ట్యాంకు దానికి ఖాళీ ఇల్లు దొరికినట్టు. సయనో చీపురుతో పోయే దుమ్ము అనుకుంటే ఇది చెదపురుగు. నీళ్లు దాని గుండా పోయేలా యూవీ లైటు పెట్టి, నైట్రేట్, ఫాస్ఫేట్ మళ్లీ పెంచి దాన్ని దారికి తేవడానికి మూడు నెలలు పట్టింది. పన్నెండేళ్ల కింద నా మొదటి ట్యాంకులో నేనూ అచ్చం ఇదే చేసి నత్తలన్నిటినీ పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. నేను చూసుకునే ట్యాంకుల్లో నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంచుతాను, సున్నా కనపడితే కంగారు పడేది నేనే.

మరి ఏం చేయాలంటే, సాయంత్రం లైట్లు ఆరడానికి కొంచెం ముందు, పొర బుడగలతో ఉబ్బి ఇసుక నుంచి లేచి ఉంటుంది, అప్పుడు ఎయిర్‌లైన్ ట్యూబుతో, అంటే గాలి పంపుకి వాడే సన్నటి గొట్టంతో దగ్గరగా లాగితే అప్పడంలా ముక్కలు ముక్కలుగా వచ్చేస్తుంది. ఆ నీళ్లని ఫిల్టర్ సాక్ అనే వడపోత సంచిలోంచి పోనిచ్చి మళ్లీ సంప్‌లోకే, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలోకే వదలొచ్చు, కాబట్టి రోజూ చేసినా నీళ్లు వృథా కావు. పొర ఎక్కడ పదేపదే వస్తుందో అక్కడ నీటి ఫ్లో లేనట్టే, నీళ్లని కదిలించే పంపు వేవ్‌మేకర్‌ని అటు తిప్పండి. రాళ్ల వెనక పేరుకున్న చెత్తని లాగేయండి. వారాల పని ఇది, రోజుల్లో అవదు.

"మందు వేస్తే రెండు రోజుల్లో క్లియర్." అవుతుంది, నిజమే. కానీ చచ్చిన పొరంతా ఒక్కసారిగా కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మెడికల్ షాపులో ఎరిత్రోమైసిన్ బిళ్లలు కొని నూరి పోసేవాళ్లకి నా దండం, దయచేసి ఆ పని చేయకండి, ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాకి కూడా దెబ్బ తగలొచ్చు. మురికి అలాగే ఉంటే నెలకల్లా సయనో మళ్లీ వస్తుంది. మందు తప్పదనుకుంటే ముందు లాగగలిగినంత లాగేసి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టి, అప్పుడు వేయండి.

"వంటింటి ఆర్‌వో నీళ్లే కదా, టాప్ అప్‌కి అవి చాలు." టాప్ అప్ అంటే ఆవిరైన నీటికి బదులు పోసే నీళ్లు. చాలవు. తాగే నీళ్ల ప్యూరిఫయర్లలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం కొంత బోరు నీళ్లు కలుపుతుంది. మే నెలలో రోజుకి ఐదారు లీటర్లు ఆవిరైతే మీరు రోజూ కొంచెం కొంచెం బోరు నీళ్లు పోస్తున్నట్టే. ఆవిరయ్యేది నీరొక్కటే, దాంట్లో ఉన్నదంతా ట్యాంకులోనే మిగులుతుంది. ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాల్ని తీసే డీఐ ఫిల్టర్ దాటాక, నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. ఈ ఒక్కచోట సున్నా మంచిదే.

లైట్లు మూడు రోజులు ఆర్పేస్తే పొర తగ్గుతుంది, కారణం అక్కడే ఉంటే తిరిగొస్తుంది. నత్తలు తింటాయని కొనకండి, చాలావరకు ముట్టుకోవు. కొత్త ట్యాంకులో మొదటి నెలల్లో వస్తే అసలు ఏమీ చేయకపోయినా తరచూ దానంతటదే పోతుంది.

మియాపూర్ తమ్ముడి ట్యాంకులో ఇసుక ఇప్పుడు తెల్లగా ఉంది. ఎడమ మూల రాయి వెనక, పంపు ఫ్లో అందని చోట అరచేతంత ఎర్ర మచ్చ ఇంకా ఉంది. పోయిన ఆదివారం వెళ్లినప్పుడు దాన్ని చూపించి ఏం వేద్దామన్నా అని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి, ట్యూబు అతని చేతికే ఇచ్చాను.